మాట వినని క్రియలు

"నాకెందుకో ఇవాళ నీ నోరు పెగలదనిపిస్తుందే క్యారల్," అంది ప్రేమమణి, కూతురు ల్యాప్‌టాప్ తెరవకముందే.

"పరీక్షకు ముందు అనే మాటేనా మమ్మీ అది?"

"భయం కొద్దీ అన్నాన్లే. ఇంతకీ స్పానిష్‌లో నిన్ను తిప్పలు పెట్టేదేంటి?"

"క్రియలు. కొన్ని చెప్పినట్టు వింటాయి. 'అబ్లార్' అంటే మాట్లాడటం. మాట్లాడతాను అంటే 'అబ్లో'. తోక మారుద్ది, అంతే. కొన్ని మాట వినవు. 'ఇర్' అంటే వెళ్లడం. వెళ్తాను అంటే 'వోయ్'. వెళ్లాను అంటే 'ఫుయ్'."

"అదేం చోద్యం. అసలు మాట ఎటు పోయినట్టు?"

"మన దగ్గర మాత్రం? 'రా' అని పిలుస్తాం. 'వచ్చాను' అంటాం. అందులో 'రా' ఏది?"

ప్రేమమణి పెదాలు కదిపి చూసుకుంది. "నిజమేనే. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు."

"ఇక వంటింట్లోకి పో. మిక్సీ వెయ్యకు. ఇంకో గొంతు వినబడితే పరీక్ష క్యాన్సిల్. ఇది పోతే ఉద్యోగం పోయినట్టే."

మెట్టుగూడలోని ఆ ఇంట్లో హాలుకీ వంటింటికీ మధ్య ఉన్నది కర్టెన్ ఒక్కటే. దాని వెనక ప్రేమమణి చిక్కుడుకాయలు ఒళ్లో పెట్టుకుని చెవులు రిక్కించింది. ల్యాప్‌టాప్‌లోంచి ఒక ఆడగొంతు గడగడా అడుగుతోంది. క్యారల్ జవాబులిస్తోంది. ఒకచోట ఏదో అనబోయి తడబడి, "ఫుయ్" అంది. ఆ తర్వాత అవతలి గొంతు ఆగిపోయింది.

పిల్ల తప్పిందనుకుంది ప్రేమమణి. చిక్కుడుకాయలు పక్కన పెట్టి మోకరించింది. మనసులో మొదలైన ప్రార్థన చర్చి అలవాటు కొద్దీ పైకే వచ్చేసింది.

"ప్రభువా, ఆ స్పెయిన్ దొరసాని గుండె మెత్తబరచు. ఆ ఫుయ్ దగ్గర మా పిల్ల తడబడితే ఆమెకి కోపం రానీయకు. ఆమె బిడ్డల్ని చల్లగా కాపాడు. యేసు నామమున అడిగి వేడుకొంటున్నాము తండ్రీ."

క్యారల్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. తను చేసిన పని ప్రేమమణికి అప్పుడు తెలిసొచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. బయట లోకల్ ట్రైన్ ఒకటి మొత్తం దాటిపోయింది.

చివరికి నవ్వు ఆపుకుంటూ ల్యాప్‌టాప్‌లోని ఆ గొంతే పలికింది. "ఆమేన్, ఆంటీ. మాది మల్కాజ్‌గిరి. పరీక్ష ఇందాకే అయిపోయింది, మార్కులేస్తున్న. మీ పాప పాసైంది. బిడ్డల సంగతి తర్వాత, ముందు నా పెళ్లి గురించి జెర ప్రార్థన చెయ్యండి."