ముగ్గురి లేన్‌లో గోంగూర జాడీ

ఉదయం 8:10కి గుంటూరు-విజయవాడ హైవే మీద శేషగిరి కారు ముగ్గురి లేన్ గేటు దగ్గర ఆగిపోయింది. ముగ్గురున్న కార్లకే ఆ లేన్ అని చట్టం చేసిన కొత్తలో జనం సీట్లలో బొమ్మల్ని కూర్చోబెట్టారు. అందుకని ఇప్పుడు కార్లోవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటేనే గేటు లేస్తుంది.

వెనక సీట్లో శేషగిరి తల్లి నాగరత్నమ్మ ఉంది. తొమ్మిదింటికి ఆమెకు కంటి ఆపరేషన్. పక్క లేన్‌లో వెళ్తే పదిన్నరవుతుంది. అప్పటికి డాక్టరు ఉండడు.

"అత్తయ్యా, ఏసీ తగ్గించమనండి మీ అబ్బాయిని," అంది ముందు సీట్లోని భార్య అనసూయ. ఆమె భర్తతో మాట్లాడి రెండు రోజులైంది.

"తగ్గించానని చెప్పమ్మా," అన్నాడు శేషగిరి.

"ముందు సీట్లవాళ్లు నేరుగా మాట్లాడుకోవాలి," అంది గేటు.

"ఏదో ఒకటి అనవే తల్లీ, నా కంటి కోసమైనా," అంది నాగరత్నమ్మ.

అనసూయ భర్త వైపు తిరిగింది. "నన్నడక్కుండా గోంగూర జాడీ మీ చెల్లెలికి ఎందుకిచ్చారు?"

"అడిగితే ఇస్తావా?"

గేటు లేచింది. ఆసుపత్రి గుమ్మం దాకా ఇద్దరూ ఆపలేదు.

8:52కి నాగరత్నమ్మ కారు దిగింది. తొమ్మిదింటికి ఆపరేషన్ మొదలైంది. జాడీ ఇంకా తిరిగి రాలేదు.