కార్తీకంలో సొరపిల్ల

"ఇయ్యాల దానికి సందువ సేపలు కావాలంట," అన్నాడు జోగారావు గడపలోనే నిలబడి.

దీపం వత్తి సర్దుతున్న దమయంతి తలెత్తింది. "నిన్న కోనాం. మొన్న రొయ్యలు. అది సొరపిల్లా, కొత్తల్లుడా బావా?"

"నానేటి సెయ్యను? సవక కవళ్ళు ఏత్తే మూతి తిప్పేత్తంది. సొరల బుద్దే అంతంట. యూట్యూబులో సూసినాను."

అది కార్తీక మాసం. ఆ ఇంట్లో నీసు గుమ్మం దాటని నెల. దమయంతి నియమం పట్టిందంటే ఇంటిల్లిపాదీ పట్టినట్టే. సరిగ్గా ఆ నెల మొదటిరోజునే, పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసుకునే ఆమె మొగుడు జోగారావుకి సొరను పెంచాలన్న బుద్ధి పుట్టింది. ఆమె బారువలో సముద్రస్నానం చేసి వచ్చేసరికి, భావనపాడు వలలో పడ్డ సొరపిల్లను తెచ్చానన్నాడు. పెరట్లో జీడిపిక్కల గదిలో గాజుతొట్టి పెట్టించానన్నాడు.

దమయంతి ఇల్లు పీకి పందిరేసింది. "దాని పీడ విరగడైపోను! కుక్కుంది, పిల్లుంది, సిలకుంది. మడిసన్నోడు సొరని పెంచుతాడేటి?"

చివరికి తీర్పు చెప్పింది అత్తగారు సింహాచలమ్మ. దమయంతికి ఆవిడ మేనత్త కూడాను, మాటకు ఎదురులేదు.

"పెరడంటే ఇల్లు కాదే అమ్మీ. నోరులేని జీవాన్ని పస్తులెడితే ఇంకా పాపం. నువ్వు మాత్రం ఆ గదికేసి పోకు. నీసు కంటపడితే నీ పున్నెమంతా పోతాది."

ఆ రోజు నుంచి పాపం ముసలావిడ జపమాల పట్టుకుని ఆ గది తలుపు దగ్గరే కాపలా. కోడలి పుణ్యం కోసం అత్త పడే కష్టం చూసి దమయంతికి కళ్ళు చెమ్మగిల్లేవి.

సొరను పెంచడమంటే మాటలా? జోగారావు రోజుకొక కష్టం చెప్పుకొచ్చేవాడు. నలుచదరం తొట్టి దానికి పడదట, మూలలకు ముక్కు కొట్టుకుంటుందట. గుండ్రటి తొట్టి మార్చానన్నాడు. కుళాయి నీళ్ళు పోస్తే చచ్చిపోతుందట. సముద్రం నీళ్ళ కోసం స్కూటరు మీద భావనపాడు వెళ్ళేవాడు. పెద్ద పెద్ద క్యాన్లు రెండూ ఒక్క చేత్తో ఊపుకుంటూ తెస్తుంటే, యాభై దాటినా మా బావ బలం తగ్గలేదని దమయంతి మురిసిపోయేది. కరెంటు పోతే గాలి అందదని అన్నం మధ్యలో లేచి పరిగెత్తేవాడు. పొట్టలో పురుగులు పడతాయని పసుపు, వెల్లుల్లి పట్టుకుపోయేవాడు. దగ్గరికెళితే వేళ్ళు కొరికేస్తుందని పక్కింటి పిల్లల్ని కూడా అటు రానిచ్చేవాడు కాదు.

వినగా వినగా దమయంతికి దాని మీద మమకారం పుట్టింది. కన్నతల్లి సముద్రాన్ని వదిలి గాజుతొట్టిలో తిరిగే పిల్ల. పొద్దున్నే, "తిన్నాదా?" అని అడిగేది. తిన్నదంటే గానీ తను ప్రసాదం నోట్లో వేసుకునేది కాదు. పక్కింటి రమణితో, "మా సొరకి కోనాం అంటే పేనం," అని గొప్పలు కూడా పోయింది.

అంతలో సముద్రం పొంగింది. పడవలు ఒడ్డెక్కాయి. మార్కెట్టులో సముద్రపు చేప కరువైంది.

మూడో రోజుకి జోగారావు మొహం వేలాడిపోయింది. సింహాచలమ్మ జపమాల కూడా నీరసంగా తిరుగుతోంది.

"ఇంకొక్క పూట ఆగుతాదేమో దమయంతీ. ఆపైన బతకదు," అన్నాడు జోగారావు స్కూటరు తాళం అందుకుంటూ. "టెక్కలి ఎల్లొత్తాను. అక్కడేటైనా దొరుకుతాయేమో."

అతను వెళ్ళగానే దమయంతి దీపం ముందు చెంపలేసుకుంది. దాని పీడ విరగడైపోవాలని శపించింది తను కాదూ? శివుడి నెలలో ఒక ప్రాణం తన నోటి దోషాన పోతే, ఇన్నాళ్ళ చన్నీళ్ళ స్నానాలన్నీ గంగలో కలిసినట్టే. పుణ్యం మాట అటుంచి, పసిదాని ఆకలి తలుచుకుని కాలు నిలవక వీధి గుమ్మంలోకి వచ్చింది.

అప్పుడే వీధిలో చేపలమ్మే దాలమ్మ గంప కనబడింది. కార్తీకం వస్తే దాలమ్మ ఈ ఇంటి ముందు అరుపు ఆపేసి, అడుగు పెంచి వెళ్ళిపోతుంది. అలాంటిది దమయంతే ఎదురెళ్ళి గంప దింపించింది.

దాలమ్మ నోరెళ్ళబెట్టింది. "ఏటమ్మా, కార్తీకంలో సేపలా? మడీ గిడీ ఏటైపోనాయి?"

"నాక్కాదే. మా సొరకి. మూడ్రోజులై పస్తున్నాది."

"ఐసులో దాసిన కోనాలున్నాయి, తల్లీ. సొరకే గదా, నిలువునా ఇచ్చీనా?"

"కాదే, ముక్కలు కొట్టు. ముళ్ళు తీసీ మరీ. నీరసంగా ఉన్నాది, నమల్లేదు."

దాలమ్మ కత్తిపీట ముందు కూచుంది.

దమయంతి జన్మలో మొదటిసారి కార్తీకంలో చేపను చేత్తో పట్టుకుంది. ముక్కలున్న గిన్నెకు కొంగు కప్పి పెరట్లోకి నడిచింది. తలుపు దగ్గర అత్త లేదు. ఒక్క క్షణం ఆగి కళ్ళు మూసుకుంది.

"శివయ్యా, నా పున్నెం పోతే పోనీ. దాన్ని మాత్రం బతికించు తండ్రీ."

చేతులు ఖాళీ లేక మోచేత్తో తలుపు నెట్టింది.

తొట్టి లేదు, నీళ్ళు లేవు, సొర అసలే లేదు, గ్యాసు పొయ్యి మీద ఖాళీ మూకుడు, దాని ముందు పీట మీద కంచం పెట్టుకుని కూర్చున్న అత్తగారు వెనక్కి తిరక్కుండానే, "ఏరా జోగులూ, దొరికినాయా సేపలు?" అంది.