నల్లమలలో నలుగురు

చేబ్రోలు దాటకముందే కారు వెనకసీట్లో గొడవ మొదలైంది.

“డాడీ, అక్క చార్జరు ఇవ్వట్లేదు!” తొమ్మిదో తరగతి మోషే అరిచాడు.

“పొద్దుట్నుంచీ వాడి దగ్గరే ఉంది డాడీ,” ఇంటర్ చదివే రాహేలు తగ్గలేదు.

“పిల్లలూ, మీకో మాట చెప్పాలి” అని అప్పుడే గొంతు సవరించుకున్న వినోద్ కుమార్ చెప్పబోయింది మింగేసి, పక్కసీట్లో ఉన్న భార్య శోభారాణి వైపు చూశాడు. ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

వినుకొండలో టీకి ఆగారు. పిల్లలు చిప్స్ కోసం కొట్లోకి వెళ్ళారు.

“నువ్వే చెప్పు శోభా.”

“నేనెందుకు? మీరే చెబుతానన్నారుగా.”

“మేం విడిపోతున్నాం అనడానికి నోరు రావట్లేదు. జూన్ నుంచి నువ్వు రేపల్లెలో, నేను బాపట్లలో. తెనాలి ఇల్లు ఖాళీ చేస్తున్నాం. ఇదేగా?”

“రాహేలు నా దగ్గర, మోషే మీ దగ్గర. అది వదిలేశారు.” ఆమె గ్లాసు కిందపెట్టేసింది. టీ సగం అలాగే ఉంది.

నలుగురూ కలిసి చివరిసారిగా ఓ ప్రయాణం చేసి, పిల్లలు ఎప్పట్నుంచో అడుగుతున్న నల్లమల పులుల అడవి చూపించి, అక్కడ నెమ్మదిగా చెప్పాలనుకున్నారు. ఈమధ్య వాళ్ళిద్దరూ కలిసి అనుకున్నది ఇదొక్కటే.

అడవి గేటు దగ్గర చెట్ల నీడన పులిహోర, కోడివేపుడు విప్పారు. వినోద్ మళ్ళీ నోరు తెరిచేసరికి లెగ్ పీసు కోసం కొట్లాట. శోభారాణి విసుక్కుంటూ తన పళ్ళెంలోది కొడుక్కి వేసింది. వినోద్ తనది కూతురికిచ్చాడు. అతని పళ్ళెంలో ఒట్టి పులిహోరే మిగలడం చూసి, ఆమె గిన్నె అడుగున వెతికి కందనకాయ ముక్కలు రెండు అతనికి వేసింది. అతను ముందు అవే తిన్నాడు.

సఫారీ జీపులో బైనాక్యులర్స్ కోసం మళ్ళీ మొదలు.

“అరవకండమ్మా,” అన్నాడు గైడు దాసు. “ఇలాగైతే పులి సంగతి దేవుడెరుగు, ఉడత కూడా కనబడదు.”

శోభారాణి ఆపుకోలేక పకపకా నవ్వింది. వినోద్ ఆ నవ్వు విని చాలా రోజులైంది. అతనికీ నవ్వొచ్చింది.

పిల్లల్ని విడదీసి చెరో చివర కూర్చోబెట్టి, మధ్యలో తామిద్దరూ కూర్చున్నారు. జీపు గుంటలో పడ్డప్పుడల్లా భుజాలు తగిలాయి. మొదట్లో పక్కకి జరగబోయారు. జరిగే చోటు లేదు. తర్వాత ఆ ప్రయత్నం మానేశారు.

పులి కనబడలేదు. కొండముచ్చులు మాత్రం కొమ్మల మీంచి వీళ్ళనే చూశాయి.

సాయంత్రం కాటేజీ వరండాలో ఇద్దరూ కూర్చున్నారు. లోపల మంచం కోసం కేకలు వినబడుతున్నాయి.

“చెప్పేద్దామా?” అన్నాడు వినోద్.

“ఇప్పుడా? వాళ్ళలా కొట్టుకుంటుంటేనా? రేపు చూద్దాంలెండి.” ఆమె ఫ్లాస్కులోంచి టీ పోసి అతని చేతికిచ్చింది.

“మనిద్దరం ఉండగానే వీళ్ళు ఆగట్లేదు శోభా.”

“ఒక్కళ్ళ వల్ల ఏమవుతుందండీ,” అంది ఆమె. ఆ మాట ఎటుపోయి ఎటొచ్చిందో ఇద్దరికీ అర్థమైంది. తర్వాత వినోద్ గైడు గొంతు అనుకరిస్తూ “ఉడత కూడా కనబడదు” అన్నాడు. ఆమె మళ్ళీ నవ్వింది.

లోపల కేకలు ఆగిపోయాయి. తలుపు సందులోంచి వరండాలోకి చూసిన మోషే, చప్పుడు కాకుండా తలుపు చేరవేసి అక్క పక్కన కూర్చున్నాడు.

“ఇవాళ కూడా వాళ్ళని చెప్పనివ్వలేదక్కా,” గుసగుసగా అన్నాడు. “రేపు దేనికి పోట్లాడదాం?”