చప్పట్లున్న పాటలు

మధ్యాహ్నం రెండు కాగానే పక్కింట్లో మళ్లీ మొదలైంది.

గిటార్ల మోత, డ్రమ్ముల దరువు, ఆ వెనకే వందలమంది చప్పట్లు.

మంగళ దిండు తీసి చెవుల మీద అదుముకుంది.

తెల్లారకముందే వెళ్లి ముసలివాళ్లుండే ఏజ్డ్ కేర్ వంటగదిలో పని చేసి, పన్నెండున్నరకి ఇల్లు చేరుతుంది. అత్తగారికి అన్నం పెట్టాక కాస్త కన్ను మూసే వేళ ఇదొక్కటే.

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో లేక్ పక్కనున్న ఈ ఇంటికి వచ్చి మూడు నెలలైంది. మొదటి నెల బాగానే గడిచింది. ఆ తర్వాతే ఈ గోల.

పక్కింటాయన పేరు డెనిస్. డెబ్బై దాటాయి. చేతికర్ర, తెల్ల పిలక, మెడదాకా పచ్చబొట్లు.

ఆ పచ్చబొట్లు చూసిన రోజే మంగళ గుండెల్లో రాయి పడింది. మత్తుమందులవాడేమో. జైలుకెళ్లి వచ్చాడేమో. ఇంట్లో చూస్తే పదిహేనేళ్ల ఆడపిల్ల. భర్త హేమచంద్రది గనుల్లో ఉద్యోగం, రెండు వారాలకోసారి వస్తాడు. ఎవరు బెల్ కొట్టినా తలుపు తీయొద్దని ఆయన చెప్పాడు. చెప్పకపోయినా ఆమె తీయదు.

కూతురు తన్మయి మాత్రం సెలవు రోజుల్లో ఆ పాటలకు తల ఊపుతుంది.

"సిక్స్టీస్‌లో ఇంగ్లండ్ బ్యాండ్ అమ్మా. మా మ్యూజిక్ క్లాస్‌లో చెప్పారు. ఈయన దగ్గరున్నవి లైవ్ రికార్డింగ్స్. స్టేజి మీద పాడినవి, రేడియోలో వచ్చినవి. బట్ స్టూడియోలోవి చాలా బెటర్. అవెందుకు పెట్టడో."

"ఏవైతే ఏంటే. పాట తక్కువ, చప్పట్లెక్కువ. పోయేకాలం."

ఆ సాయంత్రం అత్తగారు సీతాదేవి కొంగులో మళ్లీ బిస్కెట్ పొడి కనబడింది.

షుగరున్న మనిషికి బిస్కెట్లు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలని మంగళ కూతురి మీద విరుచుకుపడింది. నేను పెట్టలేదంది తన్మయి. మంగళ నమ్మలేదు.

సీతాదేవిని అడిగి లాభం లేదు. ఏడాదిగా ఆమెకు మతి నిలవడం లేదు. చెవులూ సరిగా వినపడవు, మిషను పెడితే పీకి పారేస్తుంది. తెనాలిలో ముప్ఫై ఏళ్లు భజన మండలి నడిపిన మనిషి. రెండయితే చాలు, "భజనకి వేళయిందే, అందరూ వచ్చేసుంటారు" అంటూ లేస్తుంది.

మంగళ ఆమెను కూర్చోబెట్టి, టీవీ పెట్టి, ముందు తలుపుకి తాళం వేసి పడుకుంటుంది.

ఆ వారంలోనే డెనిస్ వచ్చి బెల్ కొట్టాడు. మంగళ కర్టెన్ సందులోంచి చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి జరిగింది.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఎంతకీ తలుపు తీయకపోతే కిందనుంచి ఒక కాగితం లోపలికి తోసి వెళ్లిపోయాడు.

అంతా గొలుసుకట్టు ఇంగ్లీషు. మంగళకు ఒక్క ముక్క అందలేదు.

తిట్లే అయి ఉంటాయనుకుంది. చంపుతానని రాశాడేమో కూడా. అలాంటి మాటలు పిల్లచేత చదివించడం దేనికని, రేపేదైనా జరిగితే పోలీసులకు సాక్ష్యం ఉంటుందని, దాన్ని దేవుడి పటం వెనక దాచింది.

హేమచంద్రకి ఫోన్ చేసి, ఏం చేస్తావో నాకు తెలీదు, ఆ మోత ఆగాలంది. ఆయన ఊరి కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టాడు. పది రోజులకి కౌన్సిల్ మనిషి పక్కింటికి వచ్చి హెచ్చరించి వెళ్లాడు.

మర్నాడు రెండింటికి పాట లేదు.

మంగళ కిటికీలోంచి తొంగి చూసింది. డెనిస్ వరండా చివర నిలబడ్డాడు. కర్ర చంకలో పెట్టుకుని, ఒక్కడే చప్పట్లు కొడుతున్నాడు.

వెక్కిరిస్తున్నాడు.

"కొట్టుకో. చేతులు వాచిందాకా కొట్టుకో," అని కర్టెన్ లాగేసింది.

రెండు నెలల్లో మొదటిసారి ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

ఆ రోజు బడినుంచి పెందలాడే వచ్చిన తన్మయి కుదిపి లేపింది.

"అమ్మా, నానమ్మేది? లాండ్రీ డోర్ ఓపెన్‌గా ఉంది."

ఇంటి పక్కవైపున్న ఆ తలుపు దాటితే సన్నటి దారి. ఇటు తిరిగితే డెనిస్ వరండా, అటు తిరిగితే లేక్.

తల్లీకూతుళ్లు అటు పరిగెత్తారు.

నడుముదాకా నీళ్లలో డెనిస్. చేతుల్లో సీతాదేవి. కర్ర ఎక్కడో దూరంగా తేలుతోంది.

అంబులెన్సు వాళ్లు వచ్చారు. చాలాసేపు హడావిడి పడ్డారు. తర్వాత నెమ్మదించారు.

మంగళ వెళ్లి డెనిస్ చొక్కా పట్టుకుంది.

"ముసలావిడ నిన్నేం చేసిందిరా. పాట ఆపించింది నేను. కక్షుంటే నన్ను తోయాల్సింది నీళ్లలోకి."

అతనికి ఒక్క మాట అర్థం కాలేదు. చొక్కా మీది ఆమె చెయ్యి మాత్రం విదిలించుకోలేదు. తన కాలు చూపించి, సారీ, సారీ అంటున్నాడు.

అంబులెన్సు వెనకే వచ్చిన పోలీసమ్మాయి ఇద్దరినీ విడదీసింది. మంగళ ఇంట్లోకి పరిగెత్తి, దేవుడి పటం వెనకనుంచి కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"వీడే. ముందే రాసి మరీ బెదిరించాడు. చెప్పవే తన్మయీ, వీణ్ని పట్టుకెళ్లమను."

పోలీసమ్మాయి చదివింది. మంగళ ముఖం చూడలేక, మీ అమ్మకి నువ్వే చెప్పమని కాగితం తన్మయికి ఇచ్చింది.

తన్మయి తడుముకుంటూ తెలుగులో చదివింది.

"మీ అమ్మగారు రోజూ రెండింటికి లేక్ వైపు నడుస్తున్నారు. చప్పట్లు వినబడితే మాత్రం ఆగి, మా వరండాలోకి వచ్చి కూర్చుంటారు. తనూ చప్పట్లు కొడతారు. రెండు బిస్కెట్లు తింటారు. మూడింటికి తీసుకొచ్చి మీ పక్క తలుపు దగ్గర దింపుతున్నాను. స్టూడియోలో పాడినవాటికి ఆగడం లేదు, అందుకే చప్పట్లున్నవే వెతికి పెడుతున్నాను. ఆవిడకి వినపడాలని సౌండ్ పెంచాను, క్షమించండి. మీరు ఆ పక్క తలుపుకి గడియ పెట్టించేదాకా, ఇంకొన్నాళ్లు ఇలాగే పెట్టనా?"