బాతు పంతులమ్మ గీతల బడి

చెరువు ఒడ్డున బురదలో బాతు పంతులమ్మ బడి నడిపేది. ఇంగ్లీషు నేర్చుకోవాలంటే ముందు నిలువు గీతలు, ఏటవాలు గీతలు, సున్నాలు దిద్దాల్సిందే. అంత ఓపిక ఎవరికుంది? పిల్లలంతా చిలకమ్మ బడికి వెళ్లిపోగా ఒక్క కోడిపిల్ల మిగిలింది. అదీ పోతే బడి మూతే.

ఆ సాయంత్రం తల్లికోడి రుసరుసలాడుతూ వచ్చింది.

"ఏమమ్మా పంతులమ్మా, అక్కడ కాకిగారబ్బాయి నామవాచకాలూ క్రియలూ గడగడా అప్పజెబుతున్నాడు. మావాడింకా గీతలేనా? రేపట్నుంచి వాణ్ణీ అక్కడికే పంపిస్తా."

ఈ మాట ఎంతమంది నోట విందో ఆ దేవుడికే తెలియాలి. బాతుకు వాదించే ఓపిక లేదు.

"అలాగేనమ్మా. వెళ్లేముందు వాడి గీత పక్కన మీరూ ఒకటి గీసి చూడండి," అంది నీరసంగా.

"ఓస్, ఇంతేనా!"

తిండి కోసం నేల కెలకడమే గానీ కోడి ఏనాడూ గీత గీసి ఎరగదు. గీసిన గీత కాస్తా పాములా మెలికలు తిరిగింది.

కోడిపిల్ల నవ్వలేదు. పంతులమ్మ తనకు దిద్దబెట్టినట్టే, చిట్టి కాలు అమ్మ కాలి మీద వేసి, "అంత గట్టిగా నొక్కకమ్మా," అంటూ నెమ్మదిగా కిందికి లాగింది.

తల్లికోడి తలెత్తకుండానే అడిగింది. "ఇది కాస్త తిన్నగా వచ్చిందా, పంతులమ్మా?"

"నయమే. ఇంకోటి గీయండి," అని, ఇంటికెళదామని లేవబోయిన బాతు మళ్లీ బురదలో చతికిలబడింది.