ఒక్క మనిషి పట్టే సంచి

ఆ ఇంటి ఇల్లాలికి కాళ్లలో చక్రాలున్నాయని పక్కింటావిడ చెప్పగా వీధి వీధంతా విన్నది. నెల తిరిగేసరికి సంచులు సర్దడం, మొగుణ్ణి వెంటేసుకుని బయల్దేరడం. పోనీ, వెళ్లినవాళ్లు నిగనిగలాడుతూ తిరిగొస్తారా అంటే అదీ లేదట. ఆయన ఎండుపుల్లలా, నెత్తిన కొండలెక్కేవాళ్ల ఊలు టోపీతో దిగుతాడు. ఈవిడ వానలో తడిసిన కోడిలా దిగుతుంది. ఈ వయసులో ఈ తిరుగుళ్లేమిటమ్మా, ఇంట్లో మంచం గుచ్చుకుంటోందా అని పక్కింటావిడ అడిగేసిందట కూడా. ఈవిడ నవ్వి తలుపేసుకుందట.

తలుపేసుకున్న మాట నిజమే. నవ్విన మాట మాత్రం పక్కింటావిడ కల్పన.

ఈవిడ రొట్టెల బట్టీలో పిండి కలుపుతుంది. పోయినసారి వెళ్లినప్పుడు ఒక తెలివైన పని చేసింది. బట్టీలో పిండిబస్తాల మీద కప్పే ప్లాస్టిక్ పట్టా పట్టుకెళ్లి, నిలువునా చుట్టుకుని పడుకుంది. బయటి వాన చుక్క కూడా లోపలికి రాలేదు. లోపలి ఊపిరి మాత్రం బయటికి పోయే దారిలేక చెమ్మై, నీళ్లై, తెల్లారేసరికి ఆవిణ్ణి పిండాల్సిన బట్టలా తయారుచేసింది. పైగా పక్కకు తిరిగినప్పుడల్లా పట్టా కరకరలాడుతుంటే, చుట్టూ పడుకున్నవాళ్లు ఆవిడ ఏడు తరాలనీ తలుచుకున్నారు.

తెల్లవారాక భర్త ఆ అవతారం చూశాడు. వెళ్లాల్సిన విడతలు ఇంకా సగం ఉన్నాయి. "ఇక చాలు, మిగతావి మానేద్దాం" అన్నాడు.

సగంలో వదిలేస్తే ఇంతవరకూ పడ్డదంతా మట్టిపాలే కదా అని ఆవిడ బతిమాలింది. తిట్టింది. ఒకపూట తిండి మానేసింది. ఆయన మెత్తబడలేదు. ఆఖరికి ఒక్క మెట్టు దిగాడు. ఆవిడ బయట పొడిగా, వెచ్చగా పడుకుంటుందని తనకు నమ్మకం కుదిరితే వస్తాడట. లేదంటే కదలడట.

రేపు పొద్దున్నే బస్సు. అందుకే ఇవాళ పనికి సెలవు పెట్టి, కొండలెక్కేవాళ్ల సామాన్లమ్మే కొట్లో నిలబడి ఉంది.

ముందు నీళ్లు దూరని సంచులు చూసింది. దూదిలా తేలిగ్గా, పిడికిట్లో ఇమిడేవి. ఆయన బట్టలకు ఎర్రది తీసుకుంది. కాగితాలకు పసుపుపచ్చది తీసుకుని, మూతి బిగించి, లోపలి గాలి ఎటూ పోవడం లేదని నొక్కి చూసుకుంది.

"పర్మిట్ కాగితాలామ్మా?" అన్నాడు కొట్టతను.

"అలాంటివే. అవి తడిస్తే మళ్లీ మొదట్నుంచీ రమ్మంటారు."

తరవాత గుడారాల వంతు. కొట్టతను ఇద్దరు పట్టే గుడారం విప్పబోయాడు. ఆవిడ వద్దంది. అక్కడ అంత చోటుండదు, నేల గట్టిది, మేకు దిగదు. గేటు దగ్గర కాపలావాడు పెద్ద సామాను చూస్తే లోపలికి పోనివ్వడు. తెల్లారకముందే చుట్టేసి చంకన పెట్టుకోగలగాలి.

"అయితే మీక్కావాల్సింది బివీ" అన్నాడు కొట్టతను. ఒక్క మనిషి పట్టే గుడారపు సంచి అది. దూరి జిప్పు లాక్కోవడమే. మేకులక్కర్లేదు. వాన లోపలికి రాదు, ఊపిరి బయటికి పోతుంది. ఊపిరి సంగతి వినగానే ఆవిడ దాన్ని అతని చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది.

చేతికర్రలు ఎంచుకుంటున్న గడ్డపాయన ఒకడు ఇదంతా వింటున్నాడు. ఎక్కని కొండ లేదన్నట్టుంది వాలకం. బివీలో పడుకున్నవాడే అసలైన ప్రయాణికుడని, గుడారాలు సుఖం మరిగినవాళ్లకని ఉపన్యాసం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, "మరి సారుకో? ఆయనకు బివీ అక్కర్లేదా?" అన్నాడు.

"ఆయన లోపల పడుకుంటాడు."

"ఓహో, సారుకు గుడారం, అక్కయ్యగారికి సంచీనా! మహారాజు కదండీ మీ ఆయన." కొట్టతను కూడా నవ్వాడు.

ఆవిడ జిప్పు పైకీ కిందికీ లాగి చూస్తోంది. చప్పుడు రావడం లేదు. ఒకసారి పడుకుని చూడొచ్చా అని అడిగింది. కొట్టతను నేల మీద పరిచాడు. చెప్పులు విడిచి లోపల దూరింది. జిప్పు గడ్డం దాకా లాక్కుంది. కాళ్లు చాపుకోవడానికి చోటుంది. తల దగ్గర గుడ్డ మొహానికి అంటకుండా చిన్న కమ్మీ ఉంది. వెచ్చగా ఉంది.

అంతే. నిద్రపోయింది.

వాళ్లిద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. కొట్లోకి వచ్చినవాళ్లు ఆవిణ్ణి తప్పించుకుని, చెప్పులు చేత్తో పట్టుకున్నంత మెల్లగా నడిచారు. లేపమని గడ్డపాయన, మీరే లేపండని కొట్టతను. సన్నగా గురక కూడా మొదలైంది. చివరికి ఎవరి చేతిలోంచో గిన్నె ఒకటి జారి ఖంగున మోగింది.

ఆవిడ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. "పిలిచారా? పేరు పిలిచారా?"

"ఎవరూ పిలవలేదమ్మా" అన్నాడు కొట్టతను.

ఆవిడ చుట్టూ చూసుకుంది. మొహం తుడుచుకుంది. బివీలోంచి బయటికొచ్చి, దాని లోపల చెయ్యిపెట్టి మూలమూలా తడిమింది. పొడిగా ఉంది. ఆయన చేత కూడా ఇలాగే తడిమించాలనుకుంది. ఇక రానని ఎలా అంటాడో చూద్దాం.

"ఇది కట్టేయండి" అంది.

గడ్డపాయనకు నోరాగలేదు. "సంచిని చూడగానే నిద్రపోయారంటే మామూలు కొండ కాదన్నమాట. ఇంతకీ ఏ కొండకమ్మా, నెలనెలా మీ మహారాజుగారితో?"

"కొండా లేదు, గుట్టా లేదు, ఆయనకు క్యాన్సర్ వార్డులో మంచమిచ్చారు, నేను ఆ ఆసుపత్రి గోడ బయట పేవ్‌మెంటు మీద పడుకుంటాను."