చూపు బాగుంది

పొద్దుటి నుంచి ప్రొద్దుటూరులో కంటిచూపు సర్వే చేస్తున్న స్వర్ణలతకు కాళ్లు పీకుతున్నాయి. వీధి వీధికీ చత్వారమో, శుక్లాలో. ఈ మగ్గాల వీధిలో మాత్రం మూడిళ్ల ముసలివాళ్లూ కార్డు మీది సన్న అక్షరాలు తడుముకోకుండా చదివేశారు. మూడుసార్లూ ‘చూపు బాగుంది’ అని రాసుకుంది.

నాలుగో ఇంట్లో ఓబులేసు కార్డు తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

“చదువు తాతా.”

“రొంత సేపు కూచోమ్మా.”

ఆయన భార్య వీధిలోంచి రొప్పుతూ వచ్చి, కొంగు చాటునుంచి కళ్లద్దాలు తీసిచ్చింది. విరిగిన కాడకు ఎర్రదారం కట్టి ఉంది. ఈ పూట ఆ ఎర్రదారాన్ని చూడటం స్వర్ణలతకు ఇది నాలుగోసారి.

“వీధికంతా ఇవేనా తాతా?”

“చూపు తగ్గిందని తెలిస్తే షావుకారు నూలు ఇయ్యడు. రాయాకమ్మా.”

అద్దాలు పెట్టుకుని కార్డంతా చదివాడు. స్వర్ణలత పెన్ను తీసుకుంది. నాలుగోసారీ ‘చూపు బాగుంది’ అనే రాసి లేచింది.

ఓబులేసు అద్దాలు తీసి భార్య చేతికిచ్చాడు.

“పక్కింటికి రొంత నిదానంగా పోమ్మా. ఈమెకు మోకాళ్ల నొప్పులు. నీకంటే ముందు పోవల్ల.”